గుర్రపు ఊపిరి: ధూపం నుంచి మందుతుంపర దాకా
(సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంత నేపథ్యంలో ఒక పరిశీలన)

మిర్యాలగూడకు దగ్గరలో, మూసీ వచ్చి కృష్ణలో కలిసే చోట వాడపల్లి ఉంది. అక్కడి లక్ష్మీనరసింహస్వామి గర్భాలయంలో రెండు దీపాలు వెలుగుతుంటాయి. స్వామి ముఖం ఎత్తున ఉన్న దీపం సన్నగా రెపరెపలాడుతుంది. దిగువ దీపం నిలకడగా ఉంటుంది. పై దీపాన్ని కదిలించేది స్వామి ఉచ్ఛ్వాసనిశ్వాసాలేనని భక్తుల విశ్వాసం. ఆ విశ్వాసాన్ని పరీక్షించడం ఈ వ్యాసం పని కాదు. ఊపిరిని ముక్కు దగ్గర చూడాలి, కదలికతో కొలవాలి అన్న ఎరుక అందులో ఉందని మాత్రం గమనించవచ్చు. పశువులను సాకేవారికి ఆ ఎరుక నిత్యావసరం. గుర్రాన్ని సాకేవారికి మరీ అవసరం. ఎందుకంటే గుర్రం మనిషిలాగా, కుక్కలాగా నోటితో గాలి పీల్చలేదు. దాని గొంతులో మెత్తని అంగిలి నోటిదారిని మూసి ఉంచుతుంది. దానికి ముక్కు ఒక్కటే దారి. ఆ దారి ఇరుకైతే గుర్రానికి మరో మార్గం లేదు.

ఇవాళ గుర్రపు ఉబ్బసానికి ఆ దారినే మందు పంపుతున్నారు. ద్రవరూపంలోని మందును కంటికి కనబడనంత సన్నని తుంపరగా మార్చి, మూతికి తొడిగిన తొడుగు ద్వారా పీల్పించే యంత్రమే నెబులైజర్. ఈ పద్ధతికి వెనుక ఉన్న చరిత్రలో తెలుగు నేలకూ తెలుగు వాఙ్మయానికీ ఉన్న పాలు ఎంత? శాస్త్రవాఙ్మయంపై పరిశోధిస్తున్న నాకు ఈ ప్రశ్న గ్రంథాలయంలో తట్టలేదు. కోదాడలో పెళ్ళి ఊరేగింపులకు గుర్రాన్ని నడిపే ఒకాయనతో మాట్లాడుతున్నప్పుడు తట్టింది. ఆయన గుర్రం కొన్ని వారాలుగా దగ్గుతోంది. "డాక్టర్ సాబ్ గ్యాస్ పెట్టాలన్నడు సార్, నేను రోజూ ఆవిరి పట్టిస్తున్న" అన్నాడాయన. వైద్యుడు చెప్పింది నెబులైజర్. ఆయనకు వినబడింది గ్యాస్. ఆయన చేస్తున్నది మరిగే నీళ్ళ బకెట్టు మీద గుర్రం తల వంచి పట్టుకోవడం. మూడు వేర్వేరు పనులు ఒకే మాట కింద కలిసిపోయాయి. ఆ కలగాపులగంలో నష్టపోయేది గుర్రం, దానితోపాటు దాని మీద బతికే కుటుంబం.

రొప్పు, వగర్పు, డొక్కలెగరేత

మాటల దగ్గర మొదలుపెట్టడం తెలుగు పరిశోధకులుగా మనకు చేతనైన పని. ఊపిరి ఇబ్బందిని చెప్పడానికి తెలుగులో ఉన్నన్ని క్రియలు చాలా శాస్త్రాల పరిభాషలో లేవు. పరుగెత్తి అలసిన ప్రాణి రొప్పుతుంది. వేడికి, దప్పికకు వగర్చుతుంది. గుండె అదిరేలా ఊపిరి తీస్తే రోజుతుంది. నిఘంటువులు వీటన్నిటినీ దాదాపు ఒకే అర్థంతో సర్దేస్తాయి. పశువులను సాకేవారు అలా సర్దరు. నల్లగొండ, సూర్యాపేట పల్లెల్లో జబ్బుపడిన ఎద్దును చూసి "డొక్కలెగరేస్తున్నది" అంటారు. ఇది అలసట వల్ల వచ్చే రొప్పు కాదు. నిలబడి ఉన్నప్పుడే, పొట్ట కండరాలను బిగించి గాలిని బయటికి తోసే ప్రయాస.

గుర్రపు ఉబ్బసానికి ఇంగ్లీషువారు చాలాకాలం వాడిన 'హీవ్స్' అనే పేరు సరిగ్గా ఈ ప్రయాసనే చెబుతుంది. తీవ్రమైన ఉబ్బసమున్న గుర్రంలో ఊపిరితిత్తుల్లోని సన్నని గొట్టాలు బిగుసుకుని, వాచి, జిగురుతో నిండుతాయి. లోపలికి పోయిన గాలి బయటికి రాదు. దాన్ని బయటికి నెట్టడానికి గుర్రం పొట్ట కండరాలతో రెండోసారి తోస్తుంది. నెలలు గడిచేకొద్దీ ఆ కండరాలు బలిసి డొక్క వెంబడి ఒక గాడిలాగా కనబడతాయి. విశ్రాంతిగా ఉన్న ఆరోగ్యవంతమైన గుర్రం నిమిషానికి సుమారు 8 నుంచి 16 సార్లు ఊపిరి తీస్తుంది. ఆ ఊపిరి మనకు దాదాపు కనబడదు. కనబడిందంటేనే ఏదో తేడా ఉందని అర్థం. అంటే, 'డొక్కలెగరేయడం' అన్న పలుకుబడిలో రోగలక్షణమే కాదు, రోగం ఏ దశలో ఉందన్న సూచన కూడా ఉంది. మన వైద్యపరిభాషా నిఘంటువులు ఈ మాటను పట్టించుకోకుండా 'శ్వాసకృచ్ఛ్రం' అని రాసి ఊరుకోవడం నాకు న్యాయమనిపించదు. 'శ్వాసకృచ్ఛ్రం' తప్పు మాటేమీ కాదు. కానీ గుర్రం దగ్గర నిలబడ్డ మనిషికి అది ఏమీ చూపించదు.

అశ్వశాస్త్రంలో ఊపిరి

సంస్కృతంలో అశ్వశాస్త్రానికి ఆదిపురుషుడిగా శాలిహోత్రుణ్ణి చెబుతారు. నకులుని పేరిట అశ్వచికిత్సితం, జయదత్తసూరి అశ్వవైద్యకం ఈ సంప్రదాయంలో ప్రసిద్ధాలు. ఈ రెండూ కలకత్తాలో బిబ్లియోథికా ఇండికా గ్రంథమాలలో 19వ శతాబ్దపు చివరి దశకాల్లో అచ్చయ్యాయి. అగ్నిపురాణంలోనూ అశ్వచికిత్స ఉంది. గుర్రాల వైద్యుణ్ణి హిందుస్తానీలో 'సాలోత్రీ' అనేవారు. ఆ మాట శాలిహోత్రుని పేరు నుంచే పుట్టింది. బ్రిటిషువారి అశ్వదళాల్లో దేశీయ పశువైద్య సహాయకులకు అదే మాట స్థిరపడింది. ఒక ఋషి పేరు ఉద్యోగం పేరుగా మారి, పట్టాలాల్లో జీతాల పట్టీలకెక్కడం భాషాచరిత్రలో చిన్న వింత.

నేటి సూర్యాపేట, నల్లగొండ జిల్లాలున్న ప్రాంతం 12వ శతాబ్దపు తొలినాళ్ళలో కల్యాణి చాళుక్యుల ఏలుబడిలో ఉండేది. ఆ వంశపు మూడవ సోమేశ్వరుడు 1129 ప్రాంతంలో కూర్చిన మానసోల్లాసం రాజు తెలుసుకోవలసిన నూరు విషయాలను చెబుతుంది. గుర్రాల లక్షణాలు, పోషణ, వాటితో ఆడే వాహ్యాళి వినోదం అందులో ఉన్నాయి. తరువాత ఇదే నేలపై కాకతీయుల సామంతులు రేచెర్ల రెడ్లు సూర్యాపేట పక్కన పిల్లలమర్రిలో ఆలయాలు కట్టించారు. కాకతి గణపతిదేవుని బావమరిది జాయపసేనాని గజసాహిణి. సాహిణి, రౌతు, తేజీ, జక్కి, వారువము, మావు అంటూ తెలుగు కావ్యాలు గుర్రానికీ గుర్రపువాళ్ళకూ ఎన్నో మాటలు సమకూర్చాయి. వీటిలో గుర్రం అందం, వేగం, జాతి తెలుస్తాయి. గుర్రం ఆరోగ్యం అరుదుగా తెలుస్తుంది.

తెలుగులో ఈ శాస్త్రాన్ని పద్యరూపంలో తెచ్చినవాడు మనుమంచిభట్టు. అతని హయలక్షణవిలాసము శాలిహోత్ర సంప్రదాయానికి తెలుగు రూపం. సాహిత్యచరిత్రల్లో ఈ గ్రంథానికి దక్కేది సాధారణంగా ఒకటి రెండు వాక్యాలు. పావులూరి మల్లన గణితం వరసలో, శాస్త్రగ్రంథాల పట్టికలో ఒక పేరుగా మిగిలిపోయింది. దీనికి కారణం లేకపోలేదు. పేరే చెబుతున్నట్టు ఈ తరహా గ్రంథాల్లో పెద్దపీట లక్షణానికే. గుర్రం రంగు, ఒంటిమీది సుడులు, అవి ఎక్కడుంటే శుభం, ఎక్కడుంటే అశుభం, పళ్ళను బట్టి వయసు, నడకల భేదాలు. కొనేవాడికి, అంటే రాజుకు కావలసినవి ఇవే. కొన్నాక గుర్రాన్ని బతికించవలసినవాడు చదువుకున్నవాడు కాదు.

ఈ అసమానతకు చారిత్రక నేపథ్యం బలంగా ఉంది. 13వ శతాబ్దపు చివర మార్కోపోలో తమిళతీరంలోని మాబార్ గురించి చెబుతూ, ఏటేటా వేలకొద్దీ గుర్రాలు అరబ్బు, పారశీక రేవుల నుంచి దిగుతున్నా, ఏడాది తిరిగేసరికి నూరు కూడా మిగలవన్నాడు. పోషణ తెలియకపోవడం ఒక కారణమన్నాడు. మరో కారణం ఇంకా ఆసక్తికరమైనది. గుర్రాలను అమ్మే వర్తకులు తమ వెంట గుర్రపు వైద్యుణ్ణి తీసుకురారు సరికదా, ఎవరూ అక్కడికి వెళ్ళకుండా అడ్డుకుంటారట. గుర్రాలు బతికితే బేరం తగ్గుతుంది కదా! విదేశీ యాత్రికుని మాటను యథాతథంగా నమ్మనక్కరలేదు. ఈ దేశపు వైద్యసంప్రదాయం అతని కంటపడలేదన్నది స్పష్టం. అయితే వ్యాపారం తర్కం మాత్రం నమ్మదగినదే.

రెండు శతాబ్దాల తరువాత అదే తర్కం మరో రూపంలో కనబడుతుంది. విజయనగరంలో ఉన్న పోర్చుగీసు గుర్రాల వర్తకుడు న్యూనిజ్, సాళువ నరసింహరాయలు గుర్రాలను చచ్చినా బతికినా కొనేవాడని రాశాడు. సముద్రం మీద చచ్చిన గుర్రానికి తోక తెచ్చి చూపితే చాలు, వెల ముట్టేదట. ఈ సాళువ నరసింహునికే పిల్లలమర్రి పినవీరభద్రుడు జైమినిభారతాన్ని అంకితమిచ్చాడు. కవి ఇంటిపేరులోని ఊరు తమ ఊరేనని సూర్యాపేట ప్రాంతంవారి అభిమానం. జైమినిభారతం కథంతా యాగాశ్వం వెంట నడిచేదే. ఒకే ఆస్థానంలో కావ్యంలోని గుర్రం దేశదేశాలు తిరిగి క్షేమంగా వస్తుంది. ఓడలోని గుర్రం తోకగా మాత్రమే ఒడ్డుకు చేరుతుంది. గాలి ఆడని ఓడ అడుగున, తడిసి బూజుపట్టిన మేత మధ్య వారాల తరబడి ప్రయాణించిన ఆ జంతువుల ఊపిరితిత్తులు ఏ స్థితిలో ఉండేవో ఊహించడం కష్టం కాదు. కావ్యాలను సాంఘికచరిత్రకు ఆధారంగా చదవడం సురవరం ప్రతాపరెడ్డి మనకు నేర్పారు. కావ్యం చెప్పకుండా వదిలేసిన చోట కూడా ఆగి చూడడం ఆ పద్ధతికి కొనసాగింపే అనుకుంటాను. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద రాజనీతి ఘట్టంలో రేవులను చక్కగా ఉంచి, గుర్రాలను ఏనుగులను తెచ్చే విదేశీ వర్తకులను ఆదరించాలన్నాడు. శత్రువుకు ఆ గుర్రాలు చేరకూడదన్నది అక్కడి ఆలోచన. ఆయన దృష్టిలోనూ గుర్రం రేవులో దిగేదాకానే సమస్య.

ఇక చికిత్స సంగతి. ఆయుర్వేదం శ్వాసరోగాన్ని మహా, ఊర్ధ్వ, ఛిన్న, తమక, క్షుద్ర శ్వాసలని ఐదుగా విభజించింది. ఉబ్బసానికి దగ్గరగా ఉండేది తమకశ్వాస. చరకసంహిత ఎక్కిళ్ళకు, శ్వాసకు ఔషధధూమం పీల్చడాన్ని ఒక చికిత్సగా చెప్పింది. అందుకు వాడే గొట్టం కొలతలు కూడా ఇచ్చింది. ముక్కులో మందు వేసే నస్యం మరో మార్గం. ఈ నస్యధూపాలు మనుషుల వైద్యం నుంచి గజాశ్వ వైద్యాలకూ విస్తరించాయి. మందు నేరుగా ఊపిరిదారిలోకే వెళ్ళాలన్న ఆలోచన అప్పటిదే. గుర్రానికి ముక్కు తప్ప దారి లేదు కాబట్టి ఆ ఆలోచన గుర్రానికే మరింత తగినది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. ఇటువంటి పోలిక కనబడగానే "నెబులైజర్ మనవాళ్ళకు ముందే తెలుసు" అనే ఉత్సాహం పుట్టుకొస్తుంది. అది గ్రంథాన్ని గౌరవించడం కాదు, చదవకుండా తప్పించుకోవడం. ధూపంలో మందు ఉంటుంది, మసి కూడా ఉంటుంది. వాచిన ఊపిరిగొట్టాలకు పొగ ఏదైనా పొగే. మందుతోపాటు రోగకారణాన్నీ మోసుకువెళ్ళే వాహనం ధూపం. నెబులైజర్ చేసిన పని ఈ రెంటినీ విడదీయడం.

ఉమ్మెత్త పొగ

ఈ విడదీత ఎలా జరిగిందో చెప్పే కథలో ఒక మలుపు మద్రాసులో ఉంది. 1802 ప్రాంతంలో మద్రాసులో ఫిజీషియన్ జనరల్‌గా ఉన్న జేమ్స్ ఆండర్సన్, ఉబ్బసానికి ఉమ్మెత్తను కాల్చి పొగ పీల్చే దేశీయ చికిత్సను జనరల్ జెంట్ అనే సైనికాధికారికి చెప్పాడు. ఆయన ద్వారా అది ఇంగ్లండుకు చేరింది. 19వ శతాబ్దమంతా యూరపులో ఉమ్మెత్త జాతి ఆకులతో చేసిన 'ఆస్తమా సిగరెట్లు' అమ్ముడయ్యాయి. ఉమ్మెత్తలో పనిచేసేవి అట్రోపిన్, స్కోపోలమిన్ వంటి ద్రవ్యాలు. ఇవి ఊపిరిగొట్టాల బిగువును సడలిస్తాయి. నేడు నెబులైజర్‌లో వాడే ఇప్రాట్రోపియం అట్రోపిన్ నుంచి తయారుచేసిన మందే. మన శివుని పూజలో ఉండే పువ్వు, మన ఊరి పెంటకుప్పల మీద మొలిచే మొక్క, ఆధునిక ఉబ్బస చికిత్సకు ఒక మూలం. ఇది గర్వానికి పనికొచ్చే విషయమే. అయితే అట్రోపిన్‌ను అలాగే ఇస్తే గుర్రానికి పేగుల కదలిక మందగించి, ప్రాణాంతకమైన కడుపునొప్పి రావచ్చు. ఉమ్మెత్త నాటుమందుగా గుర్రానికి పెట్టరాదనడానికి ఇంతకంటే కారణం అక్కరలేదు. రక్తంలోకి తక్కువగా చేరుతూ ఊపిరితిత్తుల్లో పనిచేసేలా మలచినందువల్లనే ఇప్రాట్రోపియం ఉపయోగపడుతోంది.

గుర్రం నుంచి మనిషి వైద్యానికి అందిన జ్ఞానం కూడా తక్కువది కాదు. తానే ఉబ్బసరోగి అయిన ఇంగ్లీషు వైద్యుడు జాన్ ఫ్లాయర్ 1698లో ఉబ్బసంపై రాసిన గ్రంథంలో, ఊపిరి చెడిన ఒక ఆడగుర్రం శవాన్ని కోసి చూసి దాని ఊపిరితిత్తులు గాలితో ఉబ్బి ఉన్నాయని వివరించాడు. మనిషికీ గుర్రానికీ ఈ రోగంలో పోలిక ఉందన్న గుర్తింపు అలా మొదలైంది. ద్రవాన్ని తుంపరగా మార్చే చేతియంత్రాన్ని 1858లో ఫ్రాన్సులో సేల్స్-గిరోన్ చూపాడు. కాల్చకుండా పీల్పించడం అప్పటి నుంచి సాధ్యమైంది.

హైదరాబాదు, 1889

పీల్చే మందుకూ గుర్రానికీ తెలుగు నేలపై జరిగిన అత్యంత ప్రసిద్ధమైన సమావేశం హైదరాబాదు క్లోరోఫాం కమిషన్. ఇది ఉబ్బస చికిత్స కథ కాదు, మత్తుమందు కథ. అయినా ఇక్కడ దీన్ని వదలడం కుదరదు. ఆవిరిగా పీల్చిన మందు ప్రాణి ఊపిరిని, గుండెను ఏం చేస్తుందో పరికరాలతో కొలిచి నమోదు చేసిన పెద్ద ప్రయత్నం మన ప్రాంతంలో ఇదే.

హైదరాబాదు వైద్యపాఠశాల ప్రధానాచార్యుడు, రెసిడెన్సీ సర్జన్ ఎడ్వర్డ్ లారీ, క్లోరోఫాం ప్రమాదం గుండెకు కాదు, ఊపిరికేనని గట్టిగా నమ్మాడు. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీఖాన్ ప్రభుత్వం ఖర్చు భరించగా 1888లో మొదటి కమిషన్ కుక్కల మీద ప్రయోగాలు చేసి ఆ మాటనే తేల్చింది. లండన్‌లోని లాన్సెట్ పత్రిక ఒప్పుకోలేదు. నిజాం వెయ్యి పౌన్లు ఇస్తామని, ఎవరినైనా పంపి పరీక్షించుకోమని ఆ పత్రికను ఆహ్వానించాడు. లాడర్ బ్రంటన్ వచ్చాడు. 1889 చివరి మాసాల్లో రెండవ కమిషన్ పనిచేసింది. కుక్కలు, గుర్రాలు, కోతులు, మేకలు, పిల్లులు, కుందేళ్ళు అన్నీ కలిపి 490 జంతువులపై ప్రయోగాలు జరిగాయని బ్రంటన్ లాన్సెట్‌కు తంతి పంపాడు. ఆ ప్రయోగాల్లో పాల్గొన్నవారిలో, మత్తువైద్యంలో తొలి మహిళల్లో ఒకరుగా పేరొందిన రూపాబాయి ఫర్దూన్జీ కూడా ఉన్నారు.

కమిషన్ నిర్ణయం లారీ పక్షానే వచ్చింది. నాడిని కాదు, ఊపిరిని కనిపెట్టి ఉండాలన్నది దాని సారాంశం. శాస్త్రం దాన్ని అలాగే ఉంచలేదు. 1911లో గుడ్‌మన్ లెవీ, తేలికపాటి క్లోరోఫాం మత్తులోనే గుండె లయతప్పి ఆగవచ్చునని చూపాడు. హైదరాబాదు కమిషన్ గుండె విషయంలో పొరబడింది. ఊపిరిని చూడమన్న సలహా మాత్రం నిలిచింది. గుర్రాల విషయానికి వస్తే, కమిషన్ పేరు చెప్పే రచనలు కుక్కలను, కోతులను గుర్తుపెట్టుకున్నంతగా వాటిని గుర్తుపెట్టుకోలేదు. అశ్వశాస్త్రానికి దక్కిన ఒకటి రెండు వాక్యాల భాగ్యమే వీటికీ దక్కింది.

నిజాం కాలపు తెలంగాణ పల్లెలో గుర్రం ఎవరిదో తెలిసిందే. దొర ఎక్కి తిరిగేది, అధికారి వచ్చి దిగేది. దానికి గడ్డి కోసుకొచ్చిందీ, నీళ్ళు పెట్టిందీ, గాడి ఊడ్చిందీ వెట్టివాళ్ళు. సూర్యాపేట తాలూకా చరిత్ర ఈ వెట్టికీ, దానిపై తిరుగుబాటుకూ పేరుపొందినది. గుర్రం దగ్గును ముందు విన్నదీ, మేతలో బూజును ముందు చూసిందీ ఆ మనుషులే. వారి ఎరుక పద్యంలోకి రాలేదు, దస్తావేజులోకీ రాలేదు. మాటల్లో మాత్రం మిగిలింది. 'డొక్కలెగరేయడం' వంటి పలుకుబడిని నేను అంతగా పట్టుకోవడానికి కారణం ఇదే.

వరిగడ్డి, తుంపర

ఇవాళ ఈ మూడు పట్టణాల్లో గుర్రం దొరది కాదు. ఊరేగింపులకు అద్దెకు తిప్పేవారిది. పెళ్ళి కాలంలో బ్యాండు మేళం ముందు, బాణసంచా పొగలో, జనరేటరు పొగలో అది నడుస్తుంది. మిగతా కాలంలో ఇంటి పక్క రేకుల కొట్టంలో ఉంటుంది. అక్కడ దాని మేత చరిత్రను గమనించాలి. నాగార్జునసాగర్ నుంచి 1967లో కాలువలకు నీళ్ళు వదలక మునుపు ఈ ప్రాంతంలో మెట్టపంటలు ఎక్కువ. పశువులకు జొన్నచొప్ప ముఖ్యమైన మేత. ఎడమకాలువ నీళ్ళతో మిర్యాలగూడ, కోదాడ పరిసరాలు వరిపొలాలయ్యాయి. మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరుపొందింది. మేత వరిగడ్డిగా మారింది. పట్టణం గాలిలో ఊకదుమ్ము చేరింది. కోతల కాలంలో మిర్యాలగూడ బస్టాండులో దిగితే ముక్కే ముందు చెబుతుంది. మా నాయనమ్మ ఆ నెలల్లోనే ఉబ్బసంతో ఎక్కువ బాధపడేది. మా ఇంట్లో నెబులైజర్ చప్పుడు వింటూనే నేను చదువుకున్నాను.

గుర్రపు ఉబ్బసానికి ప్రధాన కారణం ఎండుమేతలోని దుమ్ము, అందులోని బూజురేణువులు, సూక్ష్మజీవుల శకలాలు అని పశువైద్యం నిశ్చయంగా చెబుతోంది. తడి ఆరకముందే కట్టిన గడ్డి మోపులో ఇవి పెరుగుతాయి. సాగునీరు మనిషికి అన్నం పెట్టింది. అదే నీరు గుర్రం గాడిలో దుమ్మునూ మార్చి ఉండవచ్చునన్నది నా ఊహ. పశువైద్యులు పరీక్షించదగిన ఊహ అనుకుంటున్నాను. మన పాత అలవాటు ఒకటి ఇక్కడ కొత్తగా అర్థమవుతుంది. ఉలవలను నానబెట్టి, ఉడికించి గుగ్గిళ్ళుగా పెట్టడం. తడి మేతకు దుమ్ము లేవదు. గడ్డిని నీళ్ళలో ముంచి పెట్టమని ఇవాళ పశువైద్యులు చెప్పేదీ ఇందుకే. వండిన మేత గుర్రానికి పెడుతున్నారని మార్కోపోలో ఆక్షేపించాడు. ఉలవల విషయంలో మాత్రం మన సాయిసులదే పైచేయి.

నెబులైజర్ పని ఈ దుమ్మును ఆపిన తరువాతనే మొదలవుతుంది. ఇది చాలామందికి తెలియని సంగతి. సాల్బుటమాల్ వంటి మందు నిమిషాల్లో ఊపిరిగొట్టాలను తెరుస్తుంది, కాసేపే పనిచేస్తుంది. దుమ్ము కొట్టంలోనే ఉంచి గొట్టాలను తెరిస్తే, ఆ దుమ్ము మరింత లోతుకు పోతుంది. వాపును తగ్గించేవి బ్యుడెసొనైడ్ వంటి స్టెరాయిడ్లు. వాటిని నోటి ద్వారానో సూది ద్వారానో ఇస్తే ఒళ్ళంతా పాకుతాయి. తుంపరగా ఇస్తే మందు ఎక్కువగా ఊపిరితిత్తుల్లోనే పనిచేస్తుంది. 2020లో ఐరోపాలో గుర్రాల కోసమే తయారైన సిక్లెసొనైడ్ పీల్పుమందుకు అనుమతి లభించింది. తుంపర బిందువు 1 నుంచి 5 మైక్రాన్ల లోపు ఉంటేనే సన్నని గొట్టాల దాకా చేరుతుంది. మన వెంట్రుక మందం అందుకు పదింతలకు పైమాటే. పెద్ద గుర్రం ఒక్క ఊపిరికి సుమారు 5 లీటర్ల గాలి తీస్తుంది. మనిషి తీసేది అర లీటరు. కాబట్టి పిల్లలకు పెట్టే చిన్న మాస్కును గుర్రపు ముక్కు దగ్గర పట్టుకుంటే మందులో చాలా భాగం గాలిపాలే. మూతికి సరిగ్గా అమరే తొడుగు కావాలి. గుర్రం మొదట బెదురుతుంది. యంత్రం చప్పుడుకు, తొడుగు వాసనకు దాన్ని రోజుల తరబడి అలవాటు చేయాలి. రౌతుకు తెలిసిన ఓర్పే ఇక్కడా పనికొస్తుంది.

మరో జాగ్రత్త. ముక్కు కారే గుర్రమంతా ఉబ్బసం గుర్రం కాదు. గ్లాండర్స్ అనే అంటురోగం కూడా ముక్కులోనే బయటపడుతుంది. అది మనుషులకూ సోకుతుంది. దాని కోసం 1899లోనే ప్రత్యేక చట్టం చేశారు. పశువైద్యుడు చూసి, అనుమానముంటే రక్తపరీక్ష చేయించకుండా తొడుగు తగిలించడం, ఒక గుర్రం తొడుగును మరో గుర్రానికి వాడడం ప్రమాదం.

ఇప్పుడు కోదాడ ఆయన బకెట్టు దగ్గరకు తిరిగి వద్దాం. ఆవిరి వేరు, తుంపర వేరు. ఆవిరి వేడిది, దాని బిందువులు ముక్కులోనే చల్లబడి ఆగిపోతాయి. వేడినీళ్ళ దగ్గర గుర్రం తల విసిరితే కాలే ప్రమాదమూ ఉంది. నెబులైజర్ తుంపర వేడిది కాదు, పొగ కాదు, గ్యాసు అంతకన్నా కాదు. 'నెబులైజర్' అన్న పేరుకు మూలమైన లాటిన్ మాట 'నెబ్యులా'కు మంచు, మబ్బు అని అర్థం. మనకు నిత్యవ్యవహారంలో ఉన్న 'నభస్సు' దానికి దూరపు చుట్టం. అయినంతమాత్రాన ఏదో నభోయంత్రం అని కొత్త సమాసం కట్టమని నేను అనను. నెబులైజర్ అన్న మాట ఇంటింటా స్థిరపడింది, ఉండనిద్దాం. కావలసింది నామవాచకం కాదు, క్రియ. 'ఆవిరి పట్టడం' అన్న పలుకుబడి పక్కనే 'తుంపర పట్టడం' అన్నది నిలబడితే తేడా చెవికి తెలుస్తుంది. మందు పెట్టె మీద, పశువైద్యశాల గోడ మీద "డొక్కలెగరేస్తుంటే", "గడ్డి తడిపి పెట్టండి", "తుంపర పట్టండి" అని రాయడానికి తెలుగులో ఏ లోటూ లేదు.

శాస్త్రవాఙ్మయ పరిశోధకులుగా మన వంతు పని మరొకటి ఉంది. హయలక్షణవిలాసంలోనూ, ఇతర అశ్వశాస్త్ర ప్రతుల్లోనూ ఊపిరికి, దగ్గుకు, నస్యధూపాలకు సంబంధించిన పదాలను ఏరి, వాటిని నేటి గుర్రపువాళ్ళ మాటలతో పక్కపక్కన పెట్టి పదకోశం కూర్చాలి. నా సిద్ధాంతవ్యాసంలో ఒక అధ్యాయంగా ఆ పని మొదలుపెట్టాను. మొదటి ఆరోపం 'డొక్క' కింద పడింది. రెండోది 'గాడి' కింద. ఈ మాటకు పశువుల మేత తొట్టి అనీ, ఒరిపిడితో పడిన చార అనీ రెండర్థాలున్నాయి. ఉబ్బసం గుర్రానికి రెండూ వర్తిస్తాయి. తొట్టిలోని దుమ్ము ఏడాదికేడాది డొక్క మీద చారగా కనబడుతుంది. కోదాడ ఆయన బకెట్టు మానేశాడు. గడ్డి తడిపి పెడుతున్నాడు. తొడుగును గుర్రం ఇంకా పూర్తిగా ఒప్పుకోలేదట, రోజూ పొద్దున కాసేపు దాని ముక్కు దగ్గర పట్టుకుని నిలబడుతున్నాడు.